ఒక జాజ్ రికార్డు – రెండు పాఠాలు

నా దగ్గరున్న జాజ్ ఎల్పీలలో అన్నిటికన్నా అరిగినది మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. పాత ముద్రణ. దాని మొదటి వైపున ఉన్న మూడు రచనలూ 1959 మార్చి 2న న్యూయార్కులోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో రికార్డయ్యాయి. ఆనాడు ప్రధాన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపునే మామూలు వేగంతో నడిపి రికార్డు తయారుచేయడంతో సంగీతం కొంచెం వడిగా, శ్రుతి కొంచెం హెచ్చుగా పలికింది. దానితో కలిపి పియానో వాయించబోతే శ్రుతి కలవదు. అదే రోజు మరో యంత్రంపై తీసిన టేపు ఆధారంగా 1992లో ఈ దోషాన్ని సవరించారు.

సవరించిన సీడీ కొని విన్నాను. స్టూడియోలో వాళ్ళు వాయించిన శ్రుతి అదే, సందేహం లేదు. అయినా నా చెవికి ఏదో దిగజారినట్టే తోచింది. 33 ఏళ్ళపాటు లోకం ప్రేమించినదీ, నేను మనసు పారేసుకున్నదీ ఆ తప్పు శ్రుతినే కదా!

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు లేఖకుని పొరపాటును దిద్దుతాడు. కానీ జనం నోట నిలిచిన పాఠాన్ని అధస్సూచికలోనైనా ఉంచుతాడు. వాయించినది ఒక చరిత్ర, విన్నది మరొక చరిత్ర. అందుకే రెండు ప్రతులనూ పక్కపక్కనే దాచుకున్నాను. మరి మీరైతే ఏ పాఠాన్ని స్వీకరిస్తారు?