రాజధాని తరలిన పిదప కర్నూలు

ఒక పట్టణమునకు రాజధాని యను గౌరవము లభించుట వేఱు, ఆ గౌరవము నిలుచుట వేఱు. పాలకులు కొలువుదీరినంతనే ఉద్యోగులు, వ్యాజ్యగాండ్రు, వర్తకులు, వృత్తులవారు అచ్చటికి చేరుదురు. ఇండ్ల అద్దెలు పెరుగును, సత్రములు నిండును, అంగళ్లు వెలయును. కొలువు తరలినపుడు ఈ సంపదలో ఎంత పాలు కొలువుతో పోవును, ఎంత పాలు ఊరియందు నిలుచును అనునది విచారింపదగిన విషయము.

మన దేశచరిత్రలో ఇందుకు నిదర్శనములు కొల్లలు. కాకతీయుల ఓరుగల్లు 1323వ సంవత్సరమున ఢిల్లీ సైన్యములకు లోబడెను. రాజవంశము అంతరించెను. కోటలో శిలాతోరణములు మాత్రము మిగిలెను. అయినను కాకతీయుల కాలమున వెలసిన పాకాల, రామప్ప చెరువులు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. గోలకొండ రాజ్యము 1687లో మొగలుల వశమైనపుడు హైదరాబాదు సైతము రాజధానీత్వమును కోల్పోయినదే. 1763లో నిజాము అలీఖాన్ తన రాజధానిని ఔరంగాబాదునుండి మార్చినపుడు దానికి తిరిగి ఆ పదవి లభించెను. అంతట వెలవెలపోవుట ఔరంగాబాదు వంతయ్యెను. సింహాసనము ఒక ఊరిని నమ్ముకొని యుండునది కాదు.

ఇట్టి నగరములలో మనకు మిక్కిలి సమీపకాలమునకు చెందినది కర్నూలు. తుంగభద్రకు హంద్రీనది కలియుచోట వెలసిన ఈ పట్టణము కొలువును కోల్పోవుట ఒకసారి కాదు, రెండుసార్లు జరిగినది. మొదటిసారి 1839లో. నాటి నవాబు గులాం రసూల్ ఖానును ఇంగ్లీషువారు పదవినుండి తొలగించి, ఆ సంస్థానమును తమ పాలనలోనికి తీసికొనిరి. నవాబు నాశ్రయించి బ్రతికినవారి జీవనమునకు ఆధారము తప్పెను.

పిమ్మట 1863లో ఒక ఆంగ్లేయ కంపెనీ లాభాపేక్షతో తుంగభద్రనుండి కడపవఱకు కాలువ త్రవ్వించుటకు పూనుకొనెను. సుంకేసుల ఆనకట్టనుండి బయలుదేరు ఆ కాలువ పొడవు సుమారు 190 మైళ్లు. కంపెనీ ఆశించిన లాభము రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమువారు దానిని కొనవలసివచ్చెను. కంపెనీ లెక్కలలో అది నష్టమే. రైతు లెక్కలో నేటికిని అది జమయే. నవాబుకొలువు ఇచ్చిన బ్రతుకుతెరువు కొలువుతో పోయెను. నీరు తెచ్చిన పంట యేటేట వచ్చుచున్నది.

రెండవ ఘట్టమునకు మూలము 1937 నవంబరు 16వ తేదీన మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున జరిగిన ఒడంబడిక. తీరాంధ్ర నాయకులును రాయలసీమ నాయకులును కూడి, రాజధాని, హైకోర్టులలో ఒకదానిని కోరుకొను హక్కు రాయలసీమకు ఉండవలెననియు, పదేండ్లపాటు నదీజలములలో రాయలసీమకును నెల్లూరునకును ముందుగా వాటా ఈయవలెననియు నిశ్చయించిరి. అమరజీవి పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము పిమ్మట 1953 అక్టోబరు 1న పదునొకండు జిల్లాలతో ఆంధ్రరాష్ట్రము అవతరించెను. కర్నూలు రాజధాని యయ్యెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ప్రథమ ముఖ్యమంత్రి. చాలినన్ని భవనములు లేనందున గుడారములలో సైతము కచేరీలు నడచినవి. హైకోర్టు 1954లో గుంటూరున నెలకొనెను. విశ్వవిద్యాలయము అదే సంవత్సరమున తిరుపతిలో వెలసెను.

1956 నవంబరు 1న తెలంగాణము కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపుడు రాజధాని హైదరాబాదు అయ్యెను. కర్నూలు రాజధానిగా నున్న కాలము ముప్పదియేడు నెలలు. వేసిన మొక్క వేరుపట్టుటకైనను చాలని కాలమది. కావున కర్నూలు కోల్పోయినది చేతనున్న సొమ్ము కాదు, రానున్న రాబడి. రాజధాని యున్నచోటికే పత్రికలు, బ్యాంకులు, పరిశ్రమలు వెదకుకొని వచ్చును. 1960 దశకమున కేంద్రప్రభుత్వమువారి విద్యుత్పరికరముల కర్మాగారము, ఔషధముల కర్మాగారము హైదరాబాదు పరిసరములనే వెలసినవి. కర్నూలు రాజధానిగా నిలిచియున్నచో అవి అన్నియు అచ్చటికే వచ్చెడివని చెప్పుట న్యాయము కాదు. హైదరాబాదునకు విశ్వవిద్యాలయము, విశాలభవనములు, రైలుమార్గములు అంతకు మున్నే కలవు. కాని ఉన్నచోటికే మఱింత చేరుట లోకస్వభావమనుట నిజము. లేనిచోట తొలుత నాటుటకే ప్రభుత్వము అవసరము.

ఇందు మఱియొక లెక్క కలదు. 1956లో రాజధానితోపాటు హైకోర్టును హైదరాబాదు చేరెను. శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమ కోరుకొనదగినవి రెండు. రెండును ఆ సీమకు దక్కలేదు. విశాలాంధ్రము కొఱకు సీమవారు రాజధానిని వదలుకొనిరి. అట్టి త్యాగమునకు బదులుగా రావలసిన జలముల బాకీ ఖాతాలో నిలిచియే యున్నది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ఆనకట్ట వెనుక కర్నూలు జిల్లా గ్రామములు పెక్కు మునిగినవి. ఊళ్లు విడిచినవారి సీమయే నీటికై విన్నపములు వ్రాయవలసి వచ్చినది. సమీపమున కచేరీ లేనివాని అర్జీ ఆలస్యముగా చేరుననుట ఎల్లరెఱిగినదే.

2014లో రాష్ట్రము మరల విభజింపబడినపుడు కర్నూలు వారి ఆశలు చిగిర్చినవి. 2020లో కర్నూలును న్యాయరాజధానిగా చేయుటకు శాసనము వచ్చెను. 2021లో అది ఉపసంహరింపబడెను. ఆశ పెట్టి తీసివేయుట వలన కలుగు నష్టము ఏ పద్దులోను వ్రాయుటకు వీలుకానిది.

అయినను కర్నూలు పాడుపడలేదు. రాజధాని కాకమున్నే, 1947లో, డాక్టరు అబ్దుల్ హక్ గారి పూనికచే వెలసిన ఉస్మానియా కళాశాల రాజధాని పోయిన పిదపను చదువు చెప్పుచునే యున్నది. వైద్యకళాశాల, దానిననుసరించిన ఆసుపత్రి చుట్టుప్రక్కల జిల్లాల రోగులకు దిక్కైనవి. ప్రత్తి, వేరుసెనగ వర్తకము సాగుచున్నది. 2009 అక్టోబరులో వరద పట్టణమును ముంచినను జనులు బురదను ఎత్తిపోసికొని మరల అంగళ్లు తెఱచిరి.

ఈ చరిత్రనుండి గ్రహింపవలసినది రెండు మాటలు. కొలువు తరలించు ప్రభుత్వము, వెనుక మిగిలిన ఊరికి నీరో, విద్యయో, పరిశ్రమయో సమకూర్చి మఱి కదలుట ధర్మము. ఇది పాలకులు ఎఱుగవలసినది. ఇఁక ప్రజలు ఎఱుగవలసినది: పైనుండి వచ్చినది పైవారి ఉత్తరువుతో పోవచ్చును, ఊరివారు చందాలెత్తి, చెమటోడ్చి నిలిపికొన్న చెరువు, బడి, గ్రంథాలయము ఏ ఉత్తరువునకును తరలిపోవు. ఇరువదియైదేండ్లుగా ఒక గ్రామమున పుస్తకముల బీరువా తెఱచియుండుట చిన్న సంగతి కాదనుటకు కర్నూలు కథయే సాక్ష్యము.