మా కొండల్లో అడ్డనార

సీతంపేట, భామిని, కురుపాం కొండల కింద ఊళ్లలో కంప మోపు బిగించాలన్నా, పాక వాసాలు కట్టాలన్నా ఒకప్పుడు ఆధారం అడ్డతీగ చెక్క నుంచి తీసే అడ్డనారే. కొండ మీద సవర, జాతాపు గూడేలకైతే అది ప్రాణాధారం. దారిలో కావిడి తాడు తెగితే పక్కనున్న తీగ చెక్క ఒలిచి అక్కడికక్కడే కట్టుకుని దిగిపోయేవారు.

మైదానంలో అడ్డ అంటే విస్తరాకే. నార సంగతి కొండవాళ్లకే బాగా తెలుసు. లేత తీగ కోసి, చెక్క పొడుగ్గా ఒలుస్తారు. మోపు కట్టడానికి పచ్చిదే చాలు. పదికాలాలు ఉండే తాడు కావాలంటే నానబెట్టి, కర్రతో కొట్టి, పీచు మెత్తబడ్డాక పేనాలి. ఒక్కో పేటకు ఒక వైపు పురి ఎక్కించి, రెండు పేటలు కలిపేటప్పుడు ఎదురు పురి వెయ్యాలి. ఒకదాని పురి విప్పుకోబోతే రెండోది బిగుస్తుంది. తాడు బలమంతా అందులోనే ఉంది.

కోతలోనూ అంత నేర్పు కావాలి. మొదలు వదిలేస్తే అడ్డ మళ్లీ చిగురిస్తుంది. ముదురు కాండానికి చుట్టూతా చెక్క ఒలిస్తే పైనున్నదంతా ఎండిపోతుంది. నారతో పాటు ఆకూ, కాల్చుకు తినే అడ్డపిక్కలూ పోతాయి. అందుకే పక్క తీగలే తియ్యాలి, ఒకే పొద మీద పడకూడదు. మరుసటేడు మళ్లీ అదే పొద దగ్గరకు రావలసినవాడికి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఆ రావడానికే అడ్డు పడింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి, అడవి మీద పెత్తనం ప్రభుత్వానిదయింది. కలప లెక్క చూసే అటవీశాస్త్రానికి అడ్డ శత్రువు. చెట్టును అల్లుకుని వంకర చేస్తుందని తీగల్ని నరికించడం ఆ శాస్త్రంలో మామూలు పని. పిడికెడు నార తీసుకున్న మనిషిని దొంగలా చూసిన రోజుల్ని నేను క్షమించలేను.

మైదానానికి వేరే దారి దొరికింది. గోగు పండించి, కట్టలు చెరువులో ఊరవేసి, నార తీసేవాళ్లం. భీమునిపట్నం రేవు మీదుగా వెళ్లిన ఆ నారకు లోకమంతా భీమ్లీ జూట్ అనే పేరుండేది. నెల్లిమర్లలో జూట్ మిల్లు లేచింది. ఆమదాలవలస పరిశోధన కేంద్రం గోగు రకాలు తీసింది. తరవాత నైలాన్ వచ్చి రెండు నారల్నీ వెనక్కి నెట్టింది.

ఇప్పుడు అడ్డకు గిరాకీ అంతా ఆకుదే. ఆకు కోసం తీగనే నరికి పడేస్తే నారకు పట్టే గతే ఆకుకూ పడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద గిరిజనులకు యాజమాన్యం ఇచ్చింది, అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఏ వాలులో ఈ ఏడు కొయ్యాలో, దేన్ని వదిలెయ్యాలో గ్రామసభలే రాసుకోవాలి. అడ్డనార పేనడం వచ్చిన పెద్దల్ని ఆశ్రమ పాఠశాలలకు పిలిచి పిల్లలకు నేర్పించాలి. తాడుతో పాటు కోత కూడా.