పక్షుల దాడి, యుద్ధస్మృతి

మన పురాణాలలోను, ప్రబంధాలలోను యుద్ధవర్ణన వచ్చినప్పుడు కవి ప్రకృతిని ఉపమానంగా తెచ్చుకుంటాడు. సేనలు సముద్రాలవుతాయి, బాణాలు వర్షధారలవుతాయి. ఆంగ్ల రచయిత్రి డాఫ్నే డ్యూ మారియే 1952లో 'ది ఆపిల్ ట్రీ' సంపుటిలో ప్రకటించిన 'ది బర్డ్స్' కథలో ఈ సంబంధం తలక్రిందులైనది. అక్కడ మనుష్యులపై దాడి చేసేది ప్రకృతి. దానిని గ్రహించడానికి వారికి మిగిలిన ఉపమానం యుద్ధం.

కథాస్థలం ఇంగ్లండు నైరుతి కొనలోని సముద్రతీరం. నాయకుడు నాట్ హాకెన్ యుద్ధకాలంలో అంగవైకల్యం పొంది, పింఛను తీసుకుంటూ, వారంలో కొన్ని దినాలు మాత్రం పొలం పని చేసుకునే సామాన్యుడు. డిసెంబరు 3వ తేదీన గాలి మారుతుంది. ఆ రాత్రే పక్షులు ఇంటిపై పడతాయి. ఇరుగుపొరుగువారు నమ్మరు. నాట్ మాత్రం కిటికీలకు పలకలు కొడతాడు, పొగగొట్టాలు మూస్తాడు, ఇంట్లో ఉన్న తిండి లెక్క చూసుకుంటాడు. ఆ పలకలు కొడుతున్నప్పుడు అతనికి ప్లిమత్ గుర్తుకు వస్తుంది. యుద్ధారంభంలో తన తల్లి ఇంటికి, వెలుతురు బయటికి పోకుండా, ఇటువంటి పలకలే అమర్చాడు. రక్షణగృహం కూడా కట్టాడు. తీరా సమయం వచ్చినప్పుడు అవి ఉపకరించలేదు. 1941 మార్చి, ఏప్రిల్ మాసాలలో జర్మను విమానాలు ఆ నగరాన్ని నేలమట్టం చేసిన సంగతి ఆనాటి పాఠకులకు చెప్పనక్కరలేదు.

కథకు ప్రాణం ఇక్కడే ఉన్నది. యుద్ధం నాట్‌కు చేయవలసిన పనులు నేర్పినది. వాటి ఫలితంపై నమ్మకాన్ని మాత్రం మిగల్చలేదు. అయినను అతడు పనిని మానడు.

ఇతరులు యుద్ధం నుండి వేరొక పాఠం నేర్చుకున్నారు. ఆపద వస్తే ప్రభుత్వం చూసుకుంటుందనీ, ప్రతి దాడి వెనుక ఒక శత్రుదేశం ఉంటుందనీ వారి విశ్వాసం. రష్యనులు పక్షులకు విషం పెట్టారన్న వదంతిని రైతు ట్రిగ్ తేలికగా వినిపిస్తాడు. కిటికీలు మూయడాన్ని పరిహసిస్తాడు. మరునాటికి అతడు శవమై కనిపిస్తాడు. ఆకాశంలోకి వెళ్ళిన విమానాలు కూలిపోతాయి. యుద్ధదినాలలో దేశానికి ధైర్యం చెప్పిన రేడియో మూగపోతుంది.

ఈ కథను శీతలయుద్ధానికి అన్యాపదేశంగా మాత్రమే చదివేవారున్నారు. బ్రిటన్ తన మొదటి అణ్వస్త్రాన్ని పరీక్షించిన సంవత్సరం కూడా 1952 కావడం వలన ఆ వ్యాఖ్య ఆకర్షిస్తుంది. కాని రచయిత్రి ఆ ఊహను ట్రిగ్ నోట పెట్టినది. అతని గతి ఏమైనదో కూడా చూపినది. మనుష్యశత్రువుతో సంధి సాధ్యం. కారణమే తెలియని శత్రువుకు ఏ రాయబారిని పంపగలరు? ఆమె భర్త ఫ్రెడరిక్ బ్రౌనింగ్ 1944లో ఆర్న్‌హెమ్ వద్ద ఆకాశం నుండి దిగిన బ్రిటిష్ సైన్యాల సేనాని. పైనుండి వచ్చే యుద్ధం ఆ ఇంటికి దూరపు వార్త కాదు.

1963లో హిచ్‌కాక్ ఈ కథను చలనచిత్రంగా తీసి, కథాస్థలాన్ని కాలిఫోర్నియాలోని బోడెగా బేకు మార్చాడు. పక్షులు మిగిలినవి, ప్లిమత్ పోయినది. భయం తగ్గలేదు గాని దాని చరిత్ర తొలగిపోయినది.

మూలకథ చివర నాట్ తన ఆఖరి సిగరెట్టు వెలిగించి, ఖాళీ పెట్టెను మంటలో వేస్తాడు. బయట పక్షులు తలుపును చీలుస్తూనే ఉంటాయి. విజయమూ లేదు, పరాజయమూ చెప్పబడలేదు. యుద్ధం ముగిసిన ఏడేళ్ళకు వ్రాసిన ఈ కథలో శాంతి అంటే రెండు దాడుల నడుమ, సముద్రపు పోటు తీసిన ఆ కొద్ది గంటల వ్యవధి మాత్రమే.