కదమాలో మూడడుగులు

జంషెడ్‌పూర్ కదమాలో మలుపు మీదున్న ఇల్లు ఇది. పక్క సందులోకి రండి, కాస్త ఒదిగి. డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాడు ఇనప టేపు కొస మీ చేతికిచ్చి ప్రహరీకి ఆనించి పట్టుకోమంటాడు. వీధివైపు సందు వెడల్పుగానే ఉంది. వెనక్కి వెళ్లేకొద్దీ ప్రహరీ ఏటవాలుగా ఇంటి మీదికి వచ్చేస్తోంది. కొలత చూసి అతను పెదవి విరుస్తాడు.

"మూడడుగులు తక్కువొస్తోంది వదినా," అంటాడు ఇంటి కోడలితో.

"ఏటి బాబూ, అవుతాదా, అవదా?" గుమ్మంలోంచి ముసలామె.

ఆమె శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్లయి వచ్చింది. భర్త టాటా స్టీల్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. స్నానాలగది మేడ మీద ఉంది, మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదు. కింద గదికి ఆనించి చక్రాల కుర్చీ తిరిగేంత స్నానాలగది కడదామంటే, నిబంధన ప్రకారం వదలాల్సిన ఖాళీలోకి, అంటే సెట్‌బ్యాక్‌లోకి, గోడ చొచ్చుకుపోతుంది.

ఆ ఖాళీ కూడా ఊరికే రాలేదు. ఉక్కు కార్ఖానా ఇంకా పుట్టకముందే, 1902లో జంషెట్జీ టాటా కొడుకు దొరాబ్జీకి రాసిన ఉత్తరంలో విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు కోరారు. కెనెడీ, టెంపుల్, స్టోక్స్, 1940లలో ఓటో కోనిగ్స్‌బర్గర్ వరసగా ఈ ఊరికి ప్లాన్లు గీశారు. గాలీ వెలుతురూ ఆ గీతల్లో ఉన్నాయి. అందుకే సెట్‌బ్యాక్‌ను తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టముండదు.

కోడలు కాగితాల సంచీ తెచ్చి బల్ల మీద పరుస్తుంది. అంచులు చిరిగిన సబ్‌లీజు పత్రం. ఇక్కడ ఇల్లు మీదే, నేల మీది కాదు. ప్రభుత్వం నుంచి టాటా స్టీల్‌కు లీజు, కంపెనీ నుంచి మీకు సబ్‌లీజు. 1995తో ముగిసిన లీజును 2005లో పునరుద్ధరించి, 1996 నుంచి 30 ఏళ్లని రాసుకున్నారు. లక్షల మంది ఉన్న ఊరు, ఎన్నికైన కార్పొరేషన్ లేదు. ప్లాన్ పాస్ చేయాల్సింది నోటిఫైడ్ ఏరియా కమిటీ. అందుకే గోడ కదపాలన్నా ఇక్కడ ఒక్క గుమ్మంతో పోదు.

"దరఖాస్తులో అత్తయ్య వయసు రాయనా?" అంటుంది కోడలు.

"రాయండి. కానీ ముందు స్థలం వంకర రాయాలి," అంటాడు కుర్రాడు.

కుర్రాడి మాట సరైనది. స్థలం చాలదని ఎవరైనా అంటారు. ఈ ప్లాటు వెనక కోసుకుపోయి ఉంది, మిగతా ప్లాట్లలా నలుచదరం కాదు, గదిని ఇంకోవైపు జరిపే వీల్లేదు: మినహాయింపు అడగడానికి బలం ఇందులో ఉంది. పార్కింగ్ చూపించి దుకాణాలు కట్టినవాళ్ల మీద హైకోర్టు దాకా వ్యాజ్యాలు వెళ్లిన ఊరిది. వాళ్ల అతిక్రమణనూ, కట్టకముందే వచ్చి అడిగే ఈ ఇంటినీ ఒక్క గాటన కట్టడం అన్యాయం.

ఇంతలో ప్రహరీ అవతల నుంచి పొరుగాయన తలెత్తి చూస్తాడు. ఆయన వంటింటి కిటికీ సరిగ్గా ఇటే. "అమ్మగారి కోసమైతే సరే, నా వెలుతురు పోకూడదు," అంటాడు హిందీలో. నియమం అడిగినా అడక్కపోయినా, ఆ మాటకు జవాబు చెప్పకుండా దరఖాస్తు కదపకూడదు. కుర్రాడు పెన్సిల్ తిరగేసి పైకప్పు ఎత్తు తగ్గిస్తాడు, వాన నీళ్లు ఇటే పడేలా వాలు మారుస్తాడు, కిటికీ తీసేసి పైన చిన్న వెంటిలేటర్ పెడతాడు. పొరుగాయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, అభ్యంతరం లేదని సంతకం చేస్తాడు.

అనుమతి రాకపోతే భోజనాల గదిని చీల్చడమే. ఆ ప్లాను కూడా వేరే కాగితం మీద గీయించి, కోడలు అదే సంచీలో అడుగున పెడుతుంది.