కాన్పు గాయం చోటు మారింది

గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని వైపు కాన్పు కష్టమైతే చివరికి అందరి చూపూ కర్నూలు పెద్దాసుపత్రి మీదికే పోతుంది. రాయలసీమకు తొలి వైద్య కళాశాల కర్నూలులో 1957లో వచ్చింది. అదే ఏడాది ఈజిప్టు వైద్యుడు యూసెఫ్ ఒక వింత బాధను వర్ణించాడు. సిజేరియన్ అయిన స్త్రీకి ముట్టు రావలసిన దారిన రాదు, నెలనెలా ఆ నాలుగు రోజులూ మూత్రమే ఎర్రగా వస్తుంది. మూత్రాశయానికీ గర్భసంచికీ మధ్య కంత పడిందన్నమాట. ఏడాది కలవడం కాకతాళీయమే అయినా, ఈ గాయం చాలావరకు ఆసుపత్రితో పాటే వచ్చింది. వైద్యం అందక పడే కంత వేరు. నొప్పులు రోజుల తరబడి సాగితే బిడ్డ తల మూత్రాశయాన్ని ఎముకకేసి అదిమి, కండ చచ్చి, యోనిలోకి కంత పడేది. దాన్నే 1849లో అలబామాలో మారియన్ సిమ్స్ వెండి తీగతో కుట్టాడు. అనార్కా అనే బానిస పిల్లను మత్తు లేకుండా ముప్ఫై సార్లు కోస్తేగాని ఆ విద్య పట్టుబడలేదు. ఈ సంగతి దాచి ఆయన్ని పొగడటం తగదు.

ఇరవయ్యో శతాబ్దంలో గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్ ప్రచారం చేసిన సిజేరియన్ పద్ధతిలో గర్భసంచిని కింది భాగాన అడ్డంగా కోస్తారు. రక్తం తక్కువ పోతుంది, మచ్చ గట్టిగా కూడుకుంటుంది. చిక్కల్లా అక్కడే మూత్రాశయం అంటుకుని ఉండటం. దాన్ని కిందికి జరిపాకే కత్తి పెట్టాలి. మళ్లీ కాన్పుకు పాత మచ్చ దాన్ని పట్టుకుని జరగనివ్వదు. అయితే మంత్రసాని రోజులే మేలా అంటారా? కాదు. పాత కంత రాత్రింబవళ్లు కారేది, తల్లీబిడ్డల ప్రాణాలకూ పూచీ ఉండేది కాదు. ఎక్కడో ఒకరికి వచ్చేదానికి ఇంత చర్చ ఎందుకన్నది మరో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అన్ని కోతల్లో అరుదైనది కూడా ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది.

బాగుచేయడానికి ఒకప్పుడు గర్భసంచినే తీసేసేవారు. ఇప్పుడు పిల్లలు కావాలనుకునేవారికి దాన్ని నిలుపుతారు. రెండు అవయవాలనూ విడదీసి, మచ్చ కత్తిరించి, వేటికవి కుట్టి, మళ్లీ అతుక్కోకుండా నడుమ పొట్టలోని కొవ్వు పొరను పరుస్తారు. మూత్రం గొట్టం రెండు వారాల పాటు ఉంచుతారు. ముట్టు రోజుల్లో మూత్రం ఎర్రగా వస్తే వేడి చేసిందని ఊరుకోకండి, పాత కాన్పు ఆపరేషన్ సంగతి డాక్టరుకు చెప్పండి.