ఉద్దానం మూత్రపిండ వ్యాధి - జన్యుశాస్త్ర పరిచయం

ఉద్దానం మూత్రపిండ వ్యాధి అనగా శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరంలోని ఉద్దానం ప్రాంతంలో, మధుమేహం, దీర్ఘకాలిక రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేకుండానే వచ్చే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి. దీని మూలకారణం నిశ్చయంగా తేలలేదు. ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ, అన్నకూ తమ్ముడికీ రావడం చూసి ఇది వంశపారంపర్యమని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం వలన ఈ ఊళ్ళతో వియ్యమందడానికి బయటివారు వెనుకాడడం కూడా ఉన్నది. వంశపారంపర్యం అంటే ఏమిటి, ఒక వ్యాధి జన్యువుల వలన వచ్చిందని ఎలా చెప్పగలం అనే ప్రశ్నలకు సమాధానంగా జన్యుశాస్త్రం, అణుజీవశాస్త్రాల మూలసూత్రాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ప్రాంతం, వ్యాధి స్వభావం

టెక్కలి దాటి జాతీయ రహదారి మీద ఉత్తరంగా ఇచ్ఛాపురం వైపు వెళుతుంటే, రహదారికీ సముద్రానికీ మధ్య కనిపించే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ప్రాంతమే ఉద్దానం. ఉద్యానవనం అనే మాటే ఉద్దానంగా మారిందని చెబుతారు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలు దీని కిందికి వస్తాయి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను ఈ తోటలను నేలమట్టం చేసింది. పలాస జీడిపప్పుకు దేశమంతటా పేరున్నది.

మనిషి మూత్రపిండం ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలు ఉంటాయి. వీటిని నెఫ్రాన్లు అంటారు. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం రక్తం నుండి వడకట్టబడి ఈ గొట్టాలలోకి వస్తుంది. గొట్టాల గోడల్లోని కణాలు అందులో దాదాపు అంతటినీ తిరిగి రక్తంలోకి పీల్చుకొని, లీటరున్నరో రెండు లీటర్లో మాత్రమే మూత్రంగా విడిచిపెడతాయి. ఉద్దానం వ్యాధిలో ప్రధానంగా దెబ్బతినేవి ఈ గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. మధుమేహ రోగులలో వలె మూత్రంలో మాంసకృత్తులు ఎక్కువగా పోవు. కాళ్ళవాపు వంటి హెచ్చరికలు కూడా తొలిదశలో ఉండవు. కనుకనే రోగి ఆసుపత్రికి వచ్చేసరికి మూత్రపిండాలు చాలావరకు చెడిపోయి ఉంటాయి. ఇటీవలి సర్వేలు ఉద్దానంలోని పెద్దవారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి మూత్రపిండ వ్యాధి ఉన్నదని తేల్చాయి. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువాల చెరకు కూలీలలోనూ, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతులలోనూ దీనిని పోలిన వ్యాధి ఉన్నది. మన రాష్ట్రంలోనే ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాలలో కూడా ఇటువంటిది కనిపిస్తున్నది.

డి.ఎన్.ఏ. నుండి మాంసకృత్తు వరకు

శరీరంలోని ప్రతి కణపు కేంద్రకంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి (పరిపక్వమైన ఎర్ర రక్తకణాలు దీనికి మినహాయింపు, వాటిలో కేంద్రకమే ఉండదు). ప్రతి జతలో ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి వస్తుంది. క్రోమోజోములో ప్రధాన పదార్థం డి.ఎన్.ఏ. ఇది మెలి తిరిగిన నిచ్చెన వంటిదని 1953లో వాట్సన్, క్రిక్ వివరించారు. నిచ్చెన మెట్లు నాలుగు రకాల క్షారాలతో ఏర్పడతాయి: అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. అడెనిన్‌కు ఎదురుగా ఎప్పుడూ థైమిన్, గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్ ఉంటాయి. కాబట్టి ఒక పోగు తెలిస్తే రెండవ పోగు తెలిసినట్లే. కణం విభజన చెందేటప్పుడు డి.ఎన్.ఏ. తనకు తాను నకలు తీసుకోగలగడానికి ఈ జత కుదరడమే ఆధారం.

మన డి.ఎన్.ఏ. ఒక్క వరుసలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉన్నాయి. అందులో ఒక మాంసకృత్తును తయారు చేయడానికి కావలసిన సమాచారం ఉన్న భాగాన్ని జన్యువు అంటారు. ఇటువంటివి మనిషిలో సుమారు 20,000 ఉన్నాయి. జన్యువులోని సమాచారం మొదట ఆర్.ఎన్.ఏ.గా నకలు చేయబడుతుంది. దీనిని అనులేఖనం అంటారు. ఆ ఆర్.ఎన్.ఏ. కేంద్రకం వెలుపలికి వచ్చి రైబోసోములను చేరుతుంది. అక్కడ అక్షరాలు మూడేసి చొప్పున చదవబడి, ఒక్కొక్క మూడక్షరాల మాటకు ఒక్కొక్క ఆమైనో ఆమ్లం చేర్చబడి మాంసకృత్తు తయారవుతుంది. దీనిని అనువాదం అంటారు. నాలుగు అక్షరాలతో 64 మూడక్షరాల మాటలు వస్తాయి. వాటిలో 61 మాటలు 20 ఆమైనో ఆమ్లాలను సూచిస్తాయి, మిగిలిన మూడూ "ఇక ఆపు" అనే సంకేతాలు. ఈ సంకేత భాషను ఛేదించినందుకు హరగోవింద్ ఖొరానాకు మరి ఇద్దరితో కలిపి 1968లో నోబెల్ బహుమతి లభించింది.

మూత్రపిండపు గొట్టంలోని కణానికీ, కంటిలోని కణానికీ డి.ఎన్.ఏ. ఒకటే. తేడా అంతా ఏ జన్యువులు పని చేస్తున్నాయన్న దానిలోనే ఉన్నది. గొట్టపు కణంలో రవాణా మాంసకృత్తులను తయారుచేసే జన్యువులు చురుకుగా ఉంటాయి. ఎస్.ఎల్.సి.13ఏ3 అనే జన్యువు అటువంటిదే. 20వ క్రోమోజోము మీద ఉండే ఈ జన్యువు, సోడియంతో పాటు కొన్ని ఆమ్లాలను గొట్టపు కణంలోకి చేరవేసే మాంసకృత్తును తయారు చేస్తుంది. దీని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

ఉత్పరివర్తనాలు: పుట్టుకతో వచ్చేవి, తరువాత వచ్చేవి

పాలు అనే మాటలో ఒక్క అక్షరం మారితే పాము అవుతుంది. డి.ఎన్.ఏ.లో ఇటువంటి మార్పును ఉత్పరివర్తనం అంటారు. అన్ని మార్పులూ ఇంత ప్రమాదకరం కావు. ఒకే ఆమైనో ఆమ్లానికి ఒకటి కన్న ఎక్కువ మాటలు ఉన్నందున కొన్ని మార్పుల వలన మాంసకృత్తు ఏమీ మారదు.

ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడే విషయం ఒకటున్నది. అండంలో గాని, శుక్రకణంలో గాని ఉన్న ఉత్పరివర్తనం మాత్రమే బిడ్డకు సంక్రమిస్తుంది. పుట్టిన తరువాత ఎండ వలనో, పొగ వలనో, విషపదార్థం వలనో చర్మంలోనో మూత్రపిండంలోనో ఏర్పడే ఉత్పరివర్తనం ఆ వ్యక్తితోనే అంతమవుతుంది. "డి.ఎన్.ఏ. చెడింది" అన్నంత మాత్రాన "వంశంలో ఉంది" అని అర్థం కాదు.

మెండెల్ సూత్రాలు, మేనరికం

ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులు ఉంటాయి. వీటిలో ఒక్క ప్రతి చెడినా లక్షణం బయటపడితే అది బహిర్గతం, రెండూ చెడితేనే బయటపడితే అది అంతర్గతం. బఠాణీ మొక్కల మీద ప్రయోగాలతో గ్రెగర్ మెండెల్ 1865లో ఈ సంగతి వెల్లడించాడు.

బహిర్గతానికి మంచి ఉదాహరణ మూత్రపిండాలలో నీటితిత్తులు ఏర్పడే వ్యాధి. ఇది ఎక్కువగా 16వ క్రోమోజోము మీది పి.కె.డి.1, కొన్ని కుటుంబాలలో 4వ క్రోమోజోము మీది పి.కె.డి.2 అనే జన్యువులు చెడడం వలన వస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం ఉన్నది. ఈ రోగుల మూత్రపిండాలు తిత్తులతో పెద్దవవుతాయి. ముదిరిన ఉద్దానం వ్యాధిలో స్కానింగు చేస్తే మూత్రపిండాలు చిన్నవై, కుంచించుకొని కనిపిస్తాయి. కనుక రెండింటినీ వేరుచేయడం కష్టం కాదు.

అంతర్గత వ్యాధుల ప్రస్తావన వస్తే తెలుగునాట మేనరికం గురించి చెప్పక తప్పదు. ఒక తాతగారిలో చెడిన ప్రతి ఒకటి ఉన్నదనుకుందాం. అది కొడుకుకు చేరడానికి సగం, ఆ కొడుకు నుండి మనవడికి చేరడానికి మళ్ళీ సగం, అనగా మొత్తం నాలుగో వంతు అవకాశం. కూతురి బిడ్డకు చేరే అవకాశమూ అంతే. ఈ మనవడు, మనవరాలు వివాహమాడితే ఇద్దరిలోనూ ఆ ప్రతి ఉండడానికి 16లో ఒక వంతు, వారి బిడ్డకు రెండు ప్రతులూ చెడినవే రావడానికి 64లో ఒక వంతు అవకాశం ఉంటుంది. తాత, అమ్మమ్మలిద్దరికీ కలిపి ఇటువంటి ప్రతులు నాలుగు కనుక, ఏదో ఒక పూర్వికుని ప్రతి బిడ్డలో జతపడే అవకాశం 64లో నాలుగు, అనగా 16లో ఒకటి. దీనిని అంతఃప్రజనన గుణకం అంటారు. మేనమామ, మేనకోడలి వివాహంలో ఇది ఎనిమిదిలో ఒకటి. లెక్క ఇంతే గాని దీని ఫలితాన్ని తక్కువ చేయడానికి లేదు.

అయితే ఉద్దానం వ్యాధికి మేనరికమే కారణమా? మేనరికం తెలుగునాట అంతటా ఉన్నది, ఈ వ్యాధి మాత్రం కొన్ని చోట్లనే ఇంత ఎక్కువగా ఉన్నది. పైగా కులాంతర వివాహాలు అరుదైన సమాజంలో ఒక్కొక్క కులం జన్యుపరంగా కొంతవరకు ప్రత్యేకమైన గుంపు. సాగు చేసేవారికీ వేటకు వెళ్ళే మత్స్యకారులకూ ఒకే వ్యాధి వస్తున్నప్పుడు, వారందరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటని మొదట వెతకాలి. నీరు, నేల, ఎండ, పని. జన్యువుల పౌనఃపున్యం ఒకటి రెండు తరాలలో మారేది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

బాల్కన్ గ్రామాల అనుభవం

ఉద్దానానికి అతి దగ్గరి పాఠం ఐరోపాలో ఉన్నది. డాన్యూబు ఉపనదుల వెంబడి క్రొయేషియా, బోస్నియా, సెర్బియా, బల్గేరియా, రుమేనియాలలోని కొన్ని వ్యవసాయ గ్రామాలలో 1950లలో ఒక మూత్రపిండ వ్యాధిని గుర్తించారు. గొట్టాలే దెబ్బతినడం, కొన్ని ఊళ్ళకే పరిమితం కావడం, కుటుంబాలలో వరుసగా రావడం, అన్నీ ఇక్కడి మాదిరే. అర్ధశతాబ్దం పాటు బావినీటిని, లోహాలను, బూజు విషాలను, చివరకు వంశాన్ని అనుమానించారు. కాని వేరే ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడినవారికి కూడా పదిహేను ఇరవై ఏళ్ళ తరువాత ఈ వ్యాధి వచ్చేది. కోడలికి అత్తవారి జన్యువులు రావు కదా!

1990ల ఆరంభంలో బెల్జియంలో బరువు తగ్గడానికి మందులు వాడిన స్త్రీలకు ఇటువంటి వ్యాధే వచ్చింది. ఆ మందులలో అరిస్టొలోకియా జాతి మొక్క కలిసిందని తేలింది. బాల్కన్ గోధుమ పొలాలలో ఆ జాతి మొక్క కలుపుగా పెరుగుతుంది. దాని గింజలు గోధుమలతో పాటు పిండిలో చేరేవి. ఈ మొక్కలోని ఆమ్లం డి.ఎన్.ఏ.లోని అడెనిన్‌కు అంటుకొని, నకలు తీసే సమయంలో అక్కడ థైమిన్ చేరేటట్లు చేస్తుంది. 2007లో గ్రోల్మన్ బృందం రోగుల మూత్రపిండాల డి.ఎన్.ఏ.లో ఈ విషం అతుక్కొని ఉండడాన్ని, వారి కణితులలోని పి53 జన్యువులో అడెనిన్ స్థానంలో థైమిన్ వచ్చిన గుర్తులను చూపించింది. దొంగ వేలిముద్ర వదిలినట్లు విషం తన ముద్రను డి.ఎన్.ఏ.లో వదిలిందన్నమాట. మన నాటువైద్యంలో వాడే ఈశ్వరి మొక్క కూడా అరిస్టొలోకియా జాతిదే, దానిలోనూ ఈ ఆమ్లం ఉన్నది. ఈశ్వరికీ ఉద్దానం వ్యాధికీ సంబంధం ఉన్నదని దీని అర్థం కాదు. కాని మూత్రపిండ రోగులు దీనికి దూరంగా ఉండడం అవసరం.

గ్రహణశీలత

ఒకే ఊరిలో, ఒకే పని చేసి, ఒకే నీరు తాగే ఇద్దరిలో ఒకరికే జబ్బు ఎందుకు వస్తుంది? ఇక్కడ జన్యువులకు పాత్ర ఉండవచ్చును. దీనిని గ్రహణశీలత అంటారు. వేలమంది రోగులలోనూ ఆరోగ్యవంతులలోనూ లక్షలాది అక్షరస్థానాలను పోల్చి, రోగులలో ఎక్కువగా కనిపించే అక్షరాన్ని గుర్తించడం దీనిని పరిశోధించే పద్ధతి. పది లక్షల స్థానాలను పరీక్షిస్తే కొన్ని యాదృచ్ఛికంగానే తేడాగా కనిపిస్తాయి. కాబట్టి మామూలుగా ఇరవైలో ఒక వంతుగా ఉండే హద్దును పది లక్షలతో భాగించి, యాదృచ్ఛికంగా జరిగే అవకాశం రెండు కోట్లలో ఒక వంతు కన్న తక్కువైతేనే అంగీకరిస్తారు.

శ్రీలంక పురుష రోగులపై ఈ పద్ధతిలో జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. హద్దును దాటిన అక్షరం పైన చెప్పిన ఎస్.ఎల్.సి.13ఏ3 జన్యువులో దొరికింది. అయితే ఆ అక్షరం ఆరోగ్యవంతులలోనూ ఉన్నది. అది ముప్పును పెంచుతుంది గాని ఒంటరిగా వ్యాధిని కలిగించదు. ఆఫ్రికా సంతతివారిలో 2010లో కనుగొన్న ఎ.పి.ఓ.ఎల్.1 రకాలు మరొక ఉదాహరణ. ఇవి ఆఫ్రికాలో ఈగ కాటు వలన వచ్చే నిద్రారోగం నుండి రక్షణ ఇస్తాయి కనుకనే వ్యాపించాయి. రెండు ప్రతులూ ఈ రకాలవైతే మూత్రపిండ వ్యాధి ముప్పు పెరుగుతుంది, అయినా అటువంటి వారిలో ఎక్కువమందికి వ్యాధి రానే రాదు.

ఉద్దానంలో ఎండలో శ్రమ వలన కలిగే నిర్జలీకరణ, పురుగుమందులు, భూగర్భజలంలోని సిలికా, లోహాలు, విచ్చలవిడిగా వాడే నొప్పి మాత్రలు అనుమానితుల జాబితాలో ఉన్నాయి. వంశధార మీది హిరమండలం జలాశయం నుండి ఈ గ్రామాలకు తాగునీరు తెచ్చే పథకాన్నీ, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండ పరిశోధన కేంద్రాన్నీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు.

మూత్రపిండ దానం

కుటుంబాలకు జన్యుశాస్త్రం నేరుగా ఎదురయ్యేది ఇక్కడే. అవయవం తనదా పరాయిదా అని శరీరం గుర్తుపట్టేది 6వ క్రోమోజోము మీది హెచ్.ఎల్.ఏ. జన్యువుల ద్వారా. ఇవి పక్కపక్కనే ఉన్నందున సాధారణంగా ఒక గుత్తిగా సంక్రమిస్తాయి. తల్లి గాని తండ్రి గాని బిడ్డతో సరిగా సగం కలుస్తారు. తోబుట్టువులలో పూర్తిగా కలవడానికి నాలుగో వంతు, సగం కలవడానికి సగం, అసలు కలవకపోవడానికి నాలుగో వంతు అవకాశం ఉన్నది. ముగ్గురు తోబుట్టువులు ఉన్న రోగికి వారిలో కనీసం ఒకరు పూర్తిగా కలిసే అవకాశం 64లో 37, అనగా సగం కన్న కొంచెం ఎక్కువ.

కాని ఉద్దానంలో అన్నకు మూత్రపిండం ఇవ్వడానికి ముందుకు వచ్చిన తమ్ముడు కూడా అదే నీరు తాగి, అదే ఎండలో పని చేసినవాడే. అందువలన హెచ్.ఎల్.ఏ. కలవడం ఒక్కటే చాలదు. దాత రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉన్నదో, వడపోత సామర్థ్యం ఎంత ఉన్నదో ఒకటికి రెండుసార్లు కొలిచి చూడవలసి ఉంటుంది.