క్రాన్‌బెర్రీ సాస్

క్రాన్‌బెర్రీ సాస్ అమెరికాలో నవంబరు నెల థ్యాంక్స్‌గివింగ్ విందులో టర్కీ మాంసానికి తోడుగా వడ్డించే పండ్ల సాస్. ఈ జతను అమీలియా సిమన్స్ 1796లో అచ్చువేయించిన వంటల పుస్తకం అప్పటికే ప్రస్తావించింది.

పండు ఎర్రగా, గోళీకాయంత ఉంటుంది. పచ్చిగా తింటే పులుపు, వగరు. లోపల నాలుగు గాలి గదులు ఉండడంతో నీటిపై తేలుతుంది. అందుకే విస్కాన్సిన్, మసాచుసెట్స్ రైతులు మడులను నీటితో నింపి, తేలిన పండ్లను ఒకచోటికి పోగుచేస్తారు.

తయారీ తేలిక. సుమారు 340 గ్రాముల పండ్లకు ఒక కప్పు చక్కెర, ఒక కప్పు నీళ్లు చాలు. నీళ్లలో చక్కెర కరిగి మరిగాక పండ్లు వేస్తే, కాసేపటికే తొక్కలు టపటపా పగులుతాయి. పది నిమిషాలలో దించాలి. అప్పటికి పలచగానే కనిపిస్తుంది. కొత్తవాళ్లు కంగారుపడి ఇంకా ఉడికిస్తారు, అదే పొరపాటు! పండులోని పెక్టిన్ పులుపుతో, చక్కెరతో కలిసి చల్లారుతున్నకొద్దీ సాస్‌ను దానంతటదే గట్టిపరుస్తుంది. అతిగా మరిగితే ఆ పెక్టినే దెబ్బతింటుంది. కార్న్‌ఫ్లోర్, రంగు అక్కర్లేదు. నీళ్లకు బదులు నారింజ రసం పోయడం, దాల్చినచెక్క ముక్క వేయడం ఇష్టాన్ని బట్టి. ఫ్రిజ్‌లో వారం పది రోజులు నిలుస్తుంది.

డబ్బా సాస్ 20వ శతాబ్దపు సరుకు. డబ్బా గీతలతో సహా పళ్లెంలోకి జారే ఆ ముద్దకూ అభిమానులున్నారు, రుచిలో మాత్రం ఇంటిదే మేలు.

అమెరికాలోని తెలుగువారు ఇదే పండుతో పప్పు, పోపు పెట్టిన పచ్చడి చేసుకుంటారు. గోంగూర దొరకని ఊళ్లలో ఆ పులుపు బాగా అక్కరకొస్తుంది.